చలికాలంలో గుర్రాల ప్రయాణం: గాలిని ఆపకండి, తడిని ఆపండి

మూగజీవాల ముచ్చట: పాఠకుల ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో గుర్రాలవే ఎక్కువ. ఆవులు, బర్రెల గురించి రాసినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. పుష్యమాసం చలి ముదిరింది, మాఘం ముహూర్తాలు దగ్గరికొచ్చాయి. గుర్రాల బండ్లు కదిలేది ఈ మధ్యకాలంలోనే కాబట్టి ఆ జవాబులే ముందు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. మాది హనుమకొండ. బరాత్‌లకు గుర్రాలు తిప్పుతాం. నాందేడ్ దగ్గర మాలెగావ్ జాతరలో రెండు ఆడగుర్రాలు కొన్నాం. ప్రస్తుతం అక్కడే తెలిసినవాళ్ల కొట్టంలో ఉన్నాయి. డీసీఎం వ్యాన్‌లో తెద్దామనుకుంటున్నాం. రాత్రి ఎక్కిస్తే ట్రాఫిక్ ఉండదు, తెల్లారేసరికి దింపుతానని డ్రైవర్ అంటున్నాడు. చలి తగలకుండా పైనా చుట్టూ టార్పాలిన్ బిగించి, ఒక్కోదానికి రెండేసి మింక్ బ్లాంకెట్లు కప్పమని మా బావ చెప్పాడు. అంతేనా, ఇంకేమైనా చేయాలా?

జవాబు: తమ్ముడూ, గుర్రాల మీద మీకున్న ఆరాటం ఉత్తరంలోనే కనబడుతోంది. అందుకే గట్టిగా చెబుతున్నాను. బండిని అలా మూసేయొద్దు, మింక్ బ్లాంకెట్లు కప్పొద్దు, రాత్రి బయల్దేరొద్దు.

ముందు చలి సంగతి చూద్దాం. కడుపునిండా మేసి, ఒళ్లు పొడిగా ఉన్న పెద్ద గుర్రం 5 డిగ్రీల చలిని పెద్దగా లెక్కచేయదు. మన ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ఏజెన్సీలో బాగా చలి ముదిరిన రాత్రులు దాదాపు ఆ అంకె దగ్గర ఉంటాయి. వరంగల్‌లో అంత చలి కూడా ఉండదు. చలికాలం రాగానే గుర్రానికి వెంట్రుక ఒత్తుగా పెరుగుతుంది. చలి తగిలినప్పుడు ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. ఆ గాలిపొరే దానికి దుప్పటి. పైగా మేసిన గడ్డి పెద్దపేగుల్లో పులిసేటప్పుడు పుట్టే వేడి లోపల కుంపటిలా రాత్రంతా రాజుకుంటూ ఉంటుంది. మనిషికి చలేస్తే గుర్రానికీ అంతే చలేస్తుందనుకోవడం దగ్గరే మనవాళ్ల తొందర మొదలవుతుంది.

ఇక మూసేసిన బండిలో జరిగేది వినండి. రెండు గుర్రాలు ఊపిరి వదులుతుంటే ఆ ఆవిరి టార్పాలిన్‌కు లోపలివైపు నీళ్లుగా పట్టి, చుక్కలు చుక్కలుగా వాటి వీపుల మీదే పడుతుంది. కింద లద్ది, మూత్రం కలిసి అమ్మోనియా లేస్తుంది. గడ్డి దుమ్ము బయటికి పోయే దారి ఉండదు. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు. ఏ గాలైనా ముక్కు గుండానే లోపలికి పోవాలి. ఆ కంపు, ఆ దుమ్ము గంటల తరబడి పీల్చిన గుర్రానికి ఊపిరితిత్తుల జబ్బు పట్టడానికి బయటి చలితో పనే లేదు.

బండిలో గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. బండి ఆపినప్పుడు వెనక డాలా దించి లోపలికి ఎక్కండి. గుర్రానికి పక్కగా, కాళ్లకు దూరంగా, గడ్డి మీద మోకాళ్లేసి కూర్చోండి. అది తల దించి మేసే ఎత్తులో మీ ముక్కు పెట్టి నాలుగైదుసార్లు నిదానంగా పీల్చండి. కళ్లు చురుక్కుమన్నా, గొంతు గరగరలాడినా ఆ తడిగడ్డి వెంటనే ఊడ్చి పారేసి పొడిది పరవాలి. నిలబడి వాసన చూస్తే ఏమీ తెలియదు. కంపంతా కిందే ఉంటుంది.

మరి టార్పాలిన్ ఎక్కడ కట్టాలి? చలిగాలి నేరుగా ముఖానికి, ఛాతీకి కొట్టకుండా క్యాబిన్ వెనక చెక్క తలల ఎత్తు దాకా నిండుగా ఉండాలి. పక్కలు గుర్రం మూపు ఎత్తు దాకా మూసి ఉండాలి. పైన మంచు పడకుండా టార్పాలిన్ ఉండాలి. పక్క చెక్కలకు, పై కప్పుకు మధ్య మాత్రం రెండువైపులా బండి పొడవునా జానెడు, వీలైతే మూరెడు సందు వదలండి. ముందంతా మూసి వెనక ఒక్కటే తెరిచి ఉంచడం కూడా మంచిది కాదు. అలా పోతుంటే సైలెన్సర్ పొగ వెనక నుంచి లోపలికి లాక్కుంటుంది. ముందుభాగంలో తలల కంటే పైన గాలి దూరడానికి చిన్న సందులుంటేనే లోపలి కంపు వెనక్కి తోసుకుపోతుంది.

తల కట్టే తీరు మీద నాకు చాలా పట్టింపు ఉంది. గుర్రం కొరుకుతుందనో, తిరుగుతుందనో తలను పైకి లాగి, పొట్టి తాడుతో బిగించి కడతారు. గుర్రం గొంతులో, ఊపిరిగొట్టంలో చేరిన దుమ్మూ చీమిడీ తల కిందికి దించినప్పుడే జారి బయటికొస్తాయి. తల పైకే ఉంచితే ఆరు నుంచి పన్నెండు గంటల్లోనే ఊపిరిగొట్టంలో సూక్ష్మజీవులు పెరగడం మొదలవుతుంది. ప్రయాణం తర్వాత వచ్చే ఊపిరితిత్తుల జ్వరానికి ఇదే పెద్ద కారణం. తాడు ఎంత ఉండాలంటే, గుర్రం ముక్కు తన మోకాలి దాకా దించగలగాలి, కాలు మాత్రం తాడులో ఇరుక్కోకూడదు. లాగితే ఊడిపోయే ముడి వేయండి. మూడు గంటలకోసారి బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, తల పూర్తిగా నేలకు దించనివ్వండి. ముక్కు చీదుతుంది, ఒళ్లు దులుపుకుంటుంది. అలా చీదడం మంచి గుర్తు.

కప్పే వాటి విషయానికొస్తే, మింక్ బ్లాంకెట్ మనుషుల కోసం చేసిన పాలిస్టర్, యాక్రిలిక్ సరుకు. గుర్రం ఒంటి ఆవిరి దాని గుండా బయటికి పోదు. కిందంతా చెమట పట్టి, నిలిచిన వెంట్రుకలన్నీ అతుక్కుపోతాయి. గాలిపొర పోయాక, బ్లాంకెట్ తీసిన క్షణం నుంచి అసలు చలి మొదలవుతుంది. మీకు కావలసింది మన గొంగడి. మాలెగావ్‌లో ఉన్న ఖండోబా మన ఐనవోలు, కొమురవెల్లి మల్లన్నే. ఆ మల్లన్నను కొలిచే కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో నేసే నల్లగొంగడి కంటే గుర్రానికి మంచి కప్పు నాకు తెలియదు. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమను పీల్చుకుని కూడా వెచ్చగానే ఉంటుంది. గొంగడి గుచ్చుకుంటుందని భయపడొద్దు. గుర్రానికి దాని సొంత వెంట్రుక అడ్డం ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కటి చాలు. ఛాతీ ముందు ముడి, పొట్ట కింద వదులుగా ఒక పట్టీ కట్టండి. కొసలు కాళ్ల మీదికి వేలాడొద్దు.

గొంగడి ఉండాలా తీయాలా అన్నది చెయ్యి పెట్టి చూసి తేల్చండి. మూపు దగ్గర ఒకసారి, ముందుకాలు మోచేయి వెనక ఒకసారి గొంగడి కిందికి వేళ్లు పోనివ్వండి. పొడిగా, వెచ్చగా తగిలితే అలాగే ఉంచండి. జిగురుగా, చెమ్మగా తగిలితే వెంటనే తీసేయండి. తర్వాత చెవి మొదలు పట్టుకోండి. మార్వాడీ గుర్రం చెవుల కొసలు లోపలికి తిరిగి ఉంటాయి. కొస చల్లగా ఉంటే కంగారు లేదు. మొదలు కూడా చల్లబడి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, తొడలు వణుకుతుంటే అప్పుడు దానికి నిజంగా చలేస్తోంది. గొంగడి కప్పి, గడ్డి వేసి, గాలి ఎక్కడ కొడుతోందో వెతకండి.

మన దగ్గర చలికాలానికి ఇంకో చిక్కుంది. తెల్లవారుజామున 10 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి 28, 30 అవుతుంది. పొద్దున కప్పిన గొంగడి పదింటికి తీయాలి, సాయంత్రం ఐదు దాటాక మళ్లీ వేయాలి. ఆ పని చేసే మనిషి బండిలో ఉండాలి. క్యాబిన్‌లో నిద్రపోయే మనిషైతే దండగ. రాత్రి వద్దన్నది ఇందుకే. రాత్రి బండిలో ఎవరూ దిగి చూడరు. చలి, పొగమంచు, సడన్ బ్రేకులు అన్నీ ఒకేసారి గుర్రం మీద పడతాయి.

పొద్దున ఏడింటికి బయల్దేరండి. నాందేడ్, భోకర్, భైంసా మీదుగా నిర్మల్ చేరి అక్కడే ఆగిపోండి. గుర్రాలను దింపి, తెలిసిన రైతు కొట్టంలో రాత్రి ఉంచండి. మర్నాడు ఎండ వచ్చాక ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, కరీంనగర్, హుజూరాబాద్ మీదుగా ఇంటికి రండి. మొత్తం 300 కిలోమీటర్లకు పైమాటే. గుర్రాలున్న బండిని గంటకు 35 కిలోమీటర్లు దాటి తోలకూడదని 1978 నాటి జంతువుల రవాణా నియమాలే చెబుతున్నాయి. ఒక్క రోజులో లాగించాలంటే ఆ వేగంతో అది గుర్రానికి చాలా పెద్ద రోజు. దారి పొడవునా అది ఊరికే నిలబడి ఉండదు. ప్రతి మలుపుకూ, ప్రతి బ్రేకుకూ కాళ్లతో ఆపుకుంటూ ఒళ్లంతా కష్టపడుతూనే ఉంటుంది.

అదే నియమాల్లో ఇంకొన్ని పనికొచ్చే మాటలున్నాయి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురుబొంగు కట్టాలి. ఎదురుగా వచ్చే బండ్ల వైపు కాకుండా తలలు ఎడమకు ఉండాలి. ఒక బండిలో నాలుగు నుంచి ఆరుకు మించి ఎక్కించకూడదు. ఎక్కడానికి, దిగడానికి ర్యాంప్ ఉండాలి. గట్టు చూసి దూకించడం నేను ఎక్కడ చూసినా ఊరుకోను, కాలు విరిగితే గుర్రం బతుకు అక్కడితో సరి. ఇనుప ఫ్లోర్ మీద లాడాలు జారుతాయి కాబట్టి ముందు రెండంగుళాల ఇసుక, దాని మీద మందంగా వరిగడ్డి పరవండి. ఊక, రంపపు పొట్టు వద్దు. దుమ్ము.

మేత, నీళ్లు. బయల్దేరే రోజు ఉలవలు, దాణా సగానికి తగ్గించండి. గడ్డి మాత్రం దారంతా ముందుండాలి. వేడి పుట్టించేది అదే. మాలెగావ్‌లో అలవాటైన మేతనే రెండు మూడు రోజులకు సరిపడా వెంట తెచ్చుకోండి. మేయబోయే గడ్డిని, సొప్పను బాగా దులిపి, కాసిని నీళ్లు చిలకరించి వేస్తే దుమ్ము అణుగుతుంది. గుర్రం రోజుకు 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది. చలికాలంలో నీళ్లు చల్లగా ఉంటే మూతి పెట్టి వదిలేస్తుంది. ఎండుగడ్డి మేస్తూ నీళ్లు తాగకపోతే లద్ది గట్టిపడి పేగులో అడ్డుపడుతుంది. చలికాలం కడుపుశూలల్లో చాలా వాటికి మూలం ఇదే. బోరు నీళ్లు తెల్లవారుజామున తోడినా గోరువెచ్చగానే వస్తాయి. డాబా మీద ట్యాంకులో రాత్రంతా ఉన్నవి చల్లబడి ఉంటాయి. దారిలో రైతును అడిగి బోరు దగ్గరే పట్టండి. కొత్త నీళ్ల వాసనకు గుర్రం మొహం తిప్పుకుంటుంది. అందుకని బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచే బకెట్‌లో చిన్న బెల్లం ముక్క కరిగించి అలవాటు చేయించండి. దారిలోనూ అదే బెల్లం వేస్తే తేడా పట్టించుకోదు. దాణాలో రోజుకు 30 గ్రాముల ఉప్పు కలిపితే దప్పిక వేస్తుంది.

ఒక్క మాట. తెచ్చే ముందు అందంగా ఉండాలని వాటికి స్నానం చేయించొద్దు, వెంట్రుకలు కత్తిరించొద్దు. బ్రష్ చేస్తే చాలు. ఇంటికొచ్చాక కూడా రెండు మూడు వారాలు మీ పాత గుర్రాలకు దూరంగా, వేరే బకెట్లతో ఉంచండి.

ప్రశ్న: మాది నర్సంపేట. మా గుర్రం బరాత్ అయ్యేసరికి చెమటతో తడిసి ముద్దవుతుంది. రాత్రి ఒంటిగంటకు బొలెరోలో ఎక్కించుకుని ఇంటికి వస్తాం. చెమట పోవాలని ఎక్కించే ముందు రెండు బకెట్ల నీళ్లు పోస్తాం. ఈ మధ్య పొద్దునపూట వణుకుతోంది, వెనకకాళ్లు పట్టేసినట్టు నడుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఆ నీళ్లు పోయడం ఈ రోజే ఆపేయండి. దూరం నుంచి వచ్చే గుర్రం కంటే, అర్ధరాత్రి తడి ఒంటితో ఓపెన్ బండిలో వచ్చే మీ గుర్రమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. తడిసిన వెంట్రుక కింద గాలిపొర ఉండదు. బండి వేగానికి కొట్టే గాలి ఆ తడిని, దానితోపాటు ఒంటి వేడిని లాక్కుపోతుంది.

పెళ్లివాళ్లు తొందరపెట్టినా సరే, అరగంట మీ గుర్రానిది. పెళ్లికొడుకు దిగగానే మఖమల్ గుడ్డ, పూసల అలంకారం, జీను అన్నీ తీసేయండి. చప్పుడుకు, వెలుతురుకు దూరంగా చీకటి సందులోకి తీసుకెళ్లి పదిహేను, ఇరవై నిమిషాలు చేత్తో పట్టుకుని మెల్లగా నడిపించండి. ఊపిరి నిదానించాక ఒళ్లు తుడవాలి. గుప్పెడు వరిగడ్డిని మెలితిప్పి గట్టి చుట్టగా చేసుకోండి. మెడ నుంచి మొదలుపెట్టి మూపు, జీను కింది భాగం, డొక్కలు, తొడల మధ్య, ముందు వెంట్రుకకు ఎదురు, తర్వాత వెంట్రుక వెంబడి రుద్దండి. జీను కింద ఉన్న చోట చెమట నురగగా అట్టకట్టి ఉంటుంది. అది పొడిపొడిగా రాలే దాకా ఆగకండి.

తర్వాత పాత రౌతులు చేసే పని ఒకటి చెబుతాను. వీపు మీద, తుంటి మీద పొడి వరిగడ్డిని నాలుగువేళ్ల మందాన పరవండి. దాని మీద గోనెపట్టా వేసి, పొట్ట కింద వదులుగా కట్టండి. గడ్డి గోనెకూ ఒంటికీ మధ్య ఖాళీ ఉంచుతుంది. ఒంటి ఆవిరి ఆ ఖాళీలోంచి లేచి గోనె పైమొహానికి చేరుతుంది. ఇంటికి చేరేసరికి గోనె పైన తడి తగులుతుంది, కింద ఒళ్లు పొడిగా ఉంటుంది. అప్పుడు గడ్డి, గోనె తీసేసి పొడి గొంగడి కప్పండి. ఎక్కించే ముందు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు పట్టించండి. చెమటతో పోయిన ఉప్పు కోసం చిటికెడు వేయండి. ఉలవలు ఆ రాత్రి వద్దు, గడ్డి చాలు.

ఇక ఆ పట్టేసిన కాళ్లు. తుంటి కండరాలు రాయిలా గట్టిగా తగిలినా, నొక్కితే తప్పించుకున్నా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఒక్క అడుగు కూడా నడిపించొద్దు. అది కండరాలు దెబ్బతినే జబ్బు, మూత్రపిండాలకు ముప్పు. ఉన్నచోటే నిలబెట్టి, గొంగడి కప్పి, నీళ్లు ముందుంచి 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్యశాల బండి వస్తుంది. మీకు దగ్గర్లో మామునూరు పశువైద్య కళాశాల కూడా ఉంది. మూత్రం మామూలుగా ఉండి, నడుస్తుంటే కాళ్లు సాగితే మాత్రం నేను చెప్పిన తుడుపు, గొంగడితో వారంలోపు తేడా కనబడుతుంది.

ప్రశ్న: చలికి గుర్రానికి క్వార్టర్ రమ్ము పడితే వేడి చేస్తుందంటారు. పట్టొచ్చా? ఎక్కించేటప్పుడు గొడవ చేయకుండా మత్తు సూది వేయించొచ్చా? – ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: రెండూ వద్దు. రమ్ము పడితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పవుతాయి. పైపైన వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది. గుర్రాలకు వాడే కొన్ని మత్తుమందులు కూడా ఇంచుమించు అదే పని చేస్తాయి, పైగా కాళ్ల మీద నిలదొక్కుకునే పట్టు తప్పిస్తాయి. కదిలే బండిలో గుర్రం కూలబడితే లేపడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుసు. తప్పనిసరైతే డాక్టర్ పక్కనుండి వేయాలి. గొడవ చేసే గుర్రాన్ని వారం రోజులు ఆగి ఉన్న బండిలోకి ఎక్కించి, అక్కడే దాణా పెట్టి దింపండి. అలవాటైపోతుంది.

ప్రశ్న: మూడు నెలల పిల్లతో తల్లిగుర్రాన్ని కోరుట్ల నుంచి హుస్నాబాద్‌కు తేవాలి. పిల్లకు స్వెట్టర్ లాంటిది కుట్టించమంటారా?

జవాబు: ఎంత మంచి ఆలోచనమ్మా! అయితే స్వెట్టర్ కంటే వేళ చూసుకోవడం ముఖ్యం. పెద్ద గుర్రం ఓర్చుకునే చలిని పిల్ల ఓర్చుకోలేదు. దాని ఒంట్లో కొవ్వు తక్కువ, గడ్డి జీర్ణం చేసుకుని వేడి పుట్టించే శక్తి ఇంకా పూర్తిగా రాలేదు. అందుకని పొద్దున తొమ్మిదిన్నరకు ఎక్కించి, ఎండ ఉండగానే దింపేయండి. తల్లిని కట్టండి, పిల్లను కట్టొద్దు. తల్లి కాళ్ల కింద పడకుండా, పాలు తాగడానికి అందేలా చోటు వదలండి. వేరే గుర్రాన్ని ఆ బండిలో పెట్టొద్దు. పిల్ల పడుకుంటుంది కాబట్టి గడ్డి మోకాలి లోతు ఉండాలి, తడిసినచోట వెంటనే మార్చాలి. గంటన్నరకోసారి ఆపితే పిల్ల నిలబడి పాలు తాగుతుంది. కదిలే బండిలో చాలా పిల్లలు తాగవు. పాత గొంగడిని కత్తిరించి కప్పినా చాలు, కానీ రెండు రోజుల ముందే ఇంట్లో వేసి చూడండి, బెదిరితే వదిలేయండి.

ప్రశ్న: మహారాష్ట్ర నుంచి గుర్రం తెస్తే దారిలో ఏ కాగితాలు అడుగుతారు? – భూపాలపల్లి పాఠకుడు

జవాబు: ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడు ఇచ్చిన సర్టిఫికెట్, కొన్న రసీదు, గ్లాండర్స్ అనే అంటురోగం లేదని రక్తపరీక్ష నివేదిక. మూడోది లేకుండా అసలు బేరమే చేయొద్దు. గ్లాండర్స్ గుర్రం నుంచి మనిషికీ అంటుతుంది. తేలితే వైద్యం చేయరు, చట్టప్రకారం ఆ గుర్రాన్ని చంపి పూడ్చాల్సిందే. దీని మీద మన దేశంలో పెద్ద దిక్కు హర్యానా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. రక్తం తీసింది మీరు కొన్న గుర్రానిదేనా అన్నది రంగు, మచ్చలు, సుడులు చూసి కాగితంతో పోల్చుకోండి.

ప్రశ్న: గుర్రాన్ని తెచ్చి నాలుగు రోజులైంది. రెండో రోజు నుంచి మేత తగ్గించింది, ఒకటి రెండు సార్లు దగ్గింది. బడలిక అనుకున్నాం. ఇప్పుడు తల వేలాడేసి నిలబడుతోంది. – కాగజ్‌నగర్

జవాబు: ఈ ఉత్తరం చూడగానే వాళ్లకు ఫోన్ చేసి డాక్టర్‌ను పిలిపించాను. వైద్యం మొదలైంది, గుర్రం మేత ముడుతోందని మొన్న కబురొచ్చింది. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ప్రయాణం తర్వాత గుర్రం మేత తగ్గిస్తే దాన్ని బడలిక అని వదిలేయకండి. ప్రయాణపు జ్వరం ఊపిరితిత్తుల్లో మొదలై, వాటి చుట్టూ ఉన్న పొరకు పాకుతుంది. ఛాతీలో నీరు, చీము చేరుతాయి. మొదటి రెండు రోజుల్లో పట్టుకుంటే నయమయ్యే జబ్బు, వారం గడిచాక గుర్రం ప్రాణం మీదికి తెస్తుంది. దగ్గు ఎక్కువ ఉండదు, ఎందుకంటే దగ్గితే ఛాతీ నొప్పి. అందుకే జనం మోసపోతారు. ముందుకాళ్ల మోచేతులు బయటికి పెట్టి నిలబడుతుంది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే మూలుగుతుంది. తిరగమంటే తిరగదు. పడుకోదు. ముక్కు నుంచి చెడువాసన వస్తే జబ్బు బాగా ముదిరినట్టు.

దింపిన రోజు నుంచి ఐదు రోజులు పొద్దున, సాయంత్రం జ్వరం చూడండి. మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటరే. కొసకు వ్యాజిలిన్ రాసి, గుర్రం ఎడమ తొడకు ఆనుకుని పక్కగా నిలబడి, తోక పక్కకు తీసి, మలద్వారంలో రెండంగుళాలు పెట్టి బీప్ అనేదాకా పట్టుకోవాలి. వెనకకాళ్ల సూటిలో నిలబడొద్దు. 99 నుంచి 101 ఫారన్‌హీట్ మధ్య మామూలు. 101.5 దాటితే ఆ రోజే డాక్టర్ రావాలి. డొక్కలు చూసి ఊపిరి లెక్కపెట్టండి, ఊరికే నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 8 నుంచి 16. ఇరవై దాటి, ఒళ్లు చల్లగా ఉన్నా డొక్కలు కొట్టుకుంటుంటే అది కూడా జ్వరంతో సమానమే.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సూది వేయకండి. ఒక డోసు వేస్తే జ్వరం తగ్గినట్టు కనబడి, జబ్బు లోపల ముదురుతుంది, డాక్టర్ తీసే ఛాతీ నీటి పరీక్షలోనూ సూక్ష్మజీవి దొరకదు. డాక్టర్ వచ్చేదాకా మీ చేతిలో ఉన్నది ఇది: గాలి ఆడే, దుమ్ము లేని చోట కట్టండి. మేత నేల మీదే వేయండి, తల దించి మేయాలి. గోరువెచ్చని నీళ్లు పక్కనే ఉంచి, ఎన్ని లీటర్లు తాగిందో గీత పెట్టిన బకెట్‌తో చూడండి. ఏ రోజు ఎన్ని గంటలు బండిలో ఉంది, దారిలో ఎన్నిసార్లు దింపారు, తల ఎలా కట్టారు, రోజువారీ జ్వరం ఎంత, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టర్ రాగానే చేతిలో పెట్టండి.